అచ్చులో ఆడవాళ్ళ మాట



పత్రికలు, రేడియో, సినిమా, టీవీ మన సంఘాన్ని మార్చేస్తున్నాయని అందరూ అంటూ ఉంటారు. బాగుచేస్తున్నాయని కొందరు, చెడగొడుతున్నాయని కొందరు. మన ఇళ్ళలో కూడా ఈ వాదన వస్తూనే ఉంటుంది కదూ! సీరియల్ చూసి కోడలు ఎదురు మాట్లాడటం నేర్చుకుందని అత్తగారు, అదే సీరియల్ చూసి అత్తగారు సాధించటం నేర్చుకుందని కోడలు. ఆ తగవు తీర్చటం నా వల్ల కాదు గాని, తెలుగుదేశంలో ఆడవాళ్ళ కోసమని పత్రికలు పుట్టి నూట నలభై ఏళ్ళు దాటింది. వెనక్కి తిరిగి ఆ చరిత్ర చూస్తే నాకొక సంగతి వింతగా తోస్తుంది. పత్రిక పెట్టినవారు అనుకున్నది ఒకటి, చదివిన ఆడవాళ్ళు దానితో చేసుకున్నది మరొకటి.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు. తరువాత 1883లో కేవలం స్త్రీల కోసం సతీహితబోధిని స్థాపించారు. ఆ పేరు ఒకసారి చూడండి. సతులకు హితం బోధించేది! బోధించేవారు మగవారు, బుద్ధిగా వినవలసినవాళ్ళం మనం. పంతులుగారు చేసిన మేలు మరచిపొమ్మని అనటం లేదు సుమా. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొట్టమొదటి వితంతు వివాహం జరిపించి, ఊరి పెద్దలందరి కోపాన్నీ నెత్తిన వేసుకున్న మనిషి ఆయన. కాని ఆనాటి సంస్కర్తలు చాలామంది ఆశించిన చదువుకొన్న స్త్రీ ఎవరయ్యా అంటే, ఇంటి పద్దు చూసుకోగలది, భర్తకు ఉత్తరం రాయగలది, పిల్లలకు నాలుగు మంచిమాటలు చెప్పగలది. అంతకు మించి ఆమె ఏమైనా అనవచ్చునని వారికి తోచినట్లు లేదు.

మరి చదివేవాళ్ళెందరు? 1901 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద స్త్రీలలో నూటికి ఒక్కరికి కూడా అక్షరాలు రావు. అలాంటి రోజుల్లో, 1902లో, ఏలూరులో సత్తిరాజు సీతారామయ్యగారు హిందూసుందరి అనే మాసపత్రిక పెట్టారు. సంపాదకత్వం మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ గార్ల చేతిలో పెట్టారు. ఇంట్లో నలుగురి ఎదుట నోరు విప్పని కాలంలో ఆడవాళ్ళ పేర్లు అచ్చులో కనబడటమంటే మాటలా? ఎక్కడో ఒక ఊళ్ళో స్త్రీ సమాజం పెట్టారని చదివి మరో ఊరి ఇల్లాలు, "మనమూ పెడితే ఏం?" అనుకోవటానికి వీలు చిక్కింది. గడప దాటని మనిషికి, తనలాగే ఆలోచించే మరో మనిషి ఫలానా చోట ఉన్నదని తెలిసింది. ఆ తెలియటమే పెద్ద సంగతి అని నాకనిపిస్తుంది.

భండారు అచ్చమాంబగారి కథ వినండి. ఆమె పుట్టింది 1874లో, అంటే వివేకవర్ధని పుట్టిన ఏడే. బడికి పంపినవారు లేరు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకుంటూ ఉంటే పక్కన కూర్చుని నేర్చుకున్నది. కడుపున పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కలేదు. ఆ దుఃఖంలో ఉండి కూడా పూర్వపు స్త్రీల జీవితాలు ఏరి కూర్చి, అబలా సచ్చరిత్ర రత్నమాల అనే పుస్తకం రాసింది. ఆడవాళ్ళు అబలలు, బుద్ధిలేనివాళ్ళు, స్వాతంత్ర్యానికి తగరు అనే మాటలకు జవాబు చెప్పటానికే ఆ పుస్తకం. 1902లోనే ఆమె రాసిన ధనత్రయోదశి అనే కథను హిందూసుందరి ప్రచురించింది. తెలుగులో మొదటి కథ గురజాడవారి 1910 నాటి దిద్దుబాటు అని చిన్నప్పటి నుంచీ విన్నాం. ఇప్పుడు ధనత్రయోదశిని ముందు చెప్పేవారు చాలామంది ఉన్నారు. అదే ఏట ఆమె బందరులో బృందావన స్త్రీ సమాజం నెలకొల్పటంలో పాలుపంచుకున్నది. 1905లో, ముప్ఫై ఏళ్ళ ప్రాయంలో కన్నుమూసింది. బోధ వినమని పెట్టిన పత్రికల కాలంలో పుట్టిన పిల్ల, పాతికేళ్ళు దాటేసరికి తనే కలం పట్టుకున్నది చూడండి!

అందరూ ఒకే దారిన నడిచారని కూడా అనుకోకండి. 1904లో కాకినాడలో సావిత్రి పత్రిక పెట్టిన పులుగుర్త లక్ష్మీనరసమాంబగారికి వితంతు వివాహాలంటే సరిపడదు. వీరేశలింగంగారి మార్గాన్ని కాదన్నది. నాకు నవ్వు వచ్చేదీ, ముచ్చట వేసేదీ ఇక్కడే. ఆడది ఇలాగే ఉండాలని పాత పద్ధతిని సమర్థిస్తూనే, పత్రిక నడిపి, పదిమంది మధ్యకు వచ్చి, అప్పటిదాకా ఆడవాళ్ళు చేయని పని చేసి చూపించిందావిడ. చదివినవాళ్ళు ఆవిడ చెప్పిన మాటలే పట్టుకున్నారంటారా, ఆవిడ చేసిన పని కూడా చూశారంటారా?

మద్రాసులో 1928లో కేసరిగారు గృహలక్ష్మి పెట్టారు. ఆయన వైద్యులు. ఆడవాళ్ళ మందు లోధ్ర ఆయన కేసరి కుటీరం నుంచే వచ్చేది. పత్రికకు డబ్బు కావాలి, మందుకు ప్రచారం కావాలి. అంటే మనం పాఠకులమే కాదు, కొనుగోలుదార్లం కూడా అయ్యాం. అప్పటి టానిక్కు నుంచి తరువాతి స్నోలు, పౌడర్లు, వారం రోజుల్లో తెల్లబడతారనే క్రీముల దాకా అదొక పెద్ద పురాణం. నల్లని పిల్లలున్న తల్లుల్ని ఆ ప్రకటనలు ఎంత క్షోభ పెట్టాయో మీకు నేను చెప్పాలా? కాని అదే గృహలక్ష్మిలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు శారదలేఖలు రాశారు. శారద అనే ఇల్లాలు స్నేహితురాలికి రాసే ఉత్తరాలవి. సంఘంలో చర్చకు వచ్చిన పెద్ద పెద్ద సంగతులన్నీ ఇద్దరు ఆడవాళ్ళ కబుర్లలా సాగిపోతాయి. ఆ పత్రిక రచయిత్రులకిచ్చే స్వర్ణకంకణం 1934లో మొదట ఆమె చేతికే తొడిగారు.

ఆపైన రేడియో వచ్చింది. 1938లో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాయి. హైదరాబాదులో నిజాంగారి దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. రేడియోకు అక్షరాలతో పనిలేదు. చేతిలో పప్పు ఏరుతూ, చెవి అటు వేస్తే చాలు. పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులు మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి.

1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్‌గారు మొదలుపెట్టిన ప్రమదావనం సంగతి వేరే చెప్పాలా? నలభై ఏళ్ళకు పైగా నడిచింది. వంటల దగ్గర నుంచి ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని కష్టం దాకా ఆడవాళ్ళు ఉత్తరాలు రాశారు. సతీహితబోధిని నాడు జవాబులు ముందే తయారుగా ఉండేవి. ప్రమదావనం నాటికి ప్రశ్న ముందు వచ్చింది, అదీ మన దగ్గర నుంచి.

ఇక నెల్లూరు. 1990లో ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట లాంతరు ముందు వాచకం పట్టుకున్నారు. అందులో సీతమ్మ కథ అని ఒక పాఠం. సీతమ్మ ఊళ్ళో ఆడవాళ్ళను కూడగట్టి సారా దుకాణం మూయిస్తుంది. వాచకం రాసినవారు ఆశించింది నాలుగు అక్షరాలు వస్తాయని, కాస్త ఆలోచన పుడుతుందని. కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, తమ ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. అక్కడితో ఆగలేదు. దూబగుంటలో జరిగిందే, ఆడవాళ్ళు ఏకమైతే అనే పాఠమై తరువాతి వాచకంలోకి ఎక్కింది. అది చదివి పక్క ఊళ్ళు లేచాయి. 1992లో ఈనాడు పత్రిక ఆ వార్తలను రోజూ వేసింది. పత్రికల్లో జిల్లా వార్తలకు ప్రత్యేకంగా పేజీలు లేని పాతకాలమైతే, దూబగుంట లోపలి పేజీలో నాలుగు వరుసలుగా మిగిలిపోయేదేమో.

సారా సొమ్ము ప్రభుత్వానికి పెద్ద రాబడి. అయినా 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధించక తప్పలేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. బ్రాందీ, విస్కీ సీసాలు మళ్ళీ దుకాణాల్లోకి వచ్చాయి. వేలంపాట పాడి ఊరూరా తెరిచిన ఆనాటి సారా అంగళ్ళు మాత్రం తిరిగి రాలేదు.