పట్టాలకు అటూ ఇటూ

పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా నేల సన్నని పట్టీలా సాగుతుంది. పడమట మహేంద్రగిరి వరస, తూర్పున బంగాళాఖాతం. ఆ రెంటి నడుమ మద్రాసు–హౌరా రైలుమార్గం, కలకత్తా ట్రంకు రోడ్డు ఇంచుమించు జంటగా పోతాయి. పట్టాలకు తూర్పున ఉద్దానం: ఇసుక నేల, కొబ్బరి, జీడి, పనస తోటలు, గట్ల మీద మొగలి పొదలు. పడమట వరి మళ్లు దాటితే కొండలు, కొండల వెనక ఒడిశా. 1968 నుంచి 1970 దాకా ఇక్కడ ఆయుధం పట్టినవాళ్ల ప్రాణాలు ఈ పట్టీ వెడల్పు మీదే ఆధారపడి ఉండేవి. పగలు తోటలో దాగాలి. రాత్రి కొండకు చేరాలి. చేరాలంటే రోడ్డునూ పట్టాలనూ దాటక తప్పదు. ఆ రెండూ ప్రభుత్వానివి.

శ్రీకాకుళ పోరాటంగా పేరుపడ్డ ఆ తిరుగుబాటు ఎందుకు కూలిందన్న చర్చ యాభై ఏళ్లుగా సిద్ధాంతాల చుట్టూ తిరుగుతోంది. సిద్ధాంతం మాట్లాడేముందు ఈ నేలను చూడాలి. వాళ్లను ఏది దాచిందో, ఏది పట్టిచ్చిందో తెలిస్తే ఆ పతనం అర్థమవుతుంది.

కథ మొదలైంది కొండల్లో. పార్వతీపురం, పాలకొండ, పాతపట్నం తాలూకాల ఏజెన్సీలో సవరలు, జాతాపులు సాగుచేసుకున్న భూములు అప్పుల కింద మైదానం సావుకార్ల చేతుల్లోకి పోయాయి. సొంత పొలంలోనే పాలికాపుగా బతకాల్సిన గతి పట్టింది. పోడు కొట్టుకుంటే అటవీ ఉద్యోగులకు మామూళ్లు. సత్యం అని పిలిచే వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. వాళ్లు కూడగట్టిన గిరిజన సంఘం తుపాకీతో మొదలవలేదు. కూలి రేటు పెంచమంది, తాకట్టు భూమి తిరిగి ఇమ్మంది, వెట్టి చెయ్యబోమంది. ఏళ్ల తరబడి పగటి వెలుతురులో సభలు పెట్టి, ఊరేగింపులు తీసి, చాలాచోట్ల గెలిచింది కూడా.

1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు నడిచి వెళ్తున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. 1968లో కోర్టు ఆ కేసు కొట్టేసి నిందితులను వదిలేసింది. న్యాయం దొరుకుతుందన్న ఆశ అక్కడితో తెగిపోయింది. ఆ నవంబరు చివర్లో కొండల్లో పెదగొత్తిలిలో ఒక భూస్వామి ఇంటిమీద గిరిజనులు దాడి చేశారు. అదే రోజుల్లో ఉద్దానంలో గరుడభద్ర దగ్గర ఘర్షణ రేగింది. పట్టాలకు అటూ ఇటూ ఒకేసారి మంట లేచింది.

ఉద్దానం వైపు ఆ మంటకు కుదురు బొడ్డపాడు. చదువుకున్న యువకుడు పంచాది కృష్ణమూర్తి, ఆయన భార్య నిర్మల, ఆ ఊరి గుడిలో అర్చకత్వం చేసిన సుబ్బారావు పాణిగ్రాహి అక్కడి నుంచే కదిలారు. పాణిగ్రాహి పాటలు కట్టాడు, జముకుల కథ చెప్పాడు. తరతరాలుగా జాతర్లలో ఈ జిల్లా విన్న కళ అది. ఆ జముకు మోతకు ఊళ్లు కదిలాయి. వైద్యం చదివిన చాగంటి భాస్కరరావు లాంటివాళ్లు కూడా వచ్చి కలిశారు.

దాగడానికి ఉద్దానం అనువైన చోటే. జీడిచెట్టు కొమ్మలు నేలకు వాలి ఉంటాయి, వాటికింద కూర్చున్న మనిషి బాటన పోయేవాడికి కనబడడు. తోట వెంట తోట, ఊరి వెంట ఊరు అల్లుకుని ఉంటాయి. ఇసుక బాటల్లో బండి చక్రం దిగబడుతుంది. జీపు వస్తే ఆ రొద ముందే వినిపిస్తుంది, రాత్రయితే లైట్ల వెలుగు చెట్లమీద పడి దూరం నుంచే తెలిసిపోతుంది. కానీ తోట ఎంత దట్టమైనా అడవి కాదు. ప్రతి చెట్టుకూ యజమాని ఉంటాడు. గింజ ఏరడానికి ఆడవాళ్లు వస్తారు, కాయ దింపడానికి కూలీలు వస్తారు, పశువుల వెంట పిల్లలు వస్తారు. ఆకు దాచినంత మాత్రాన మనిషి దాగడు. చూసినవాళ్లు చూడలేదని చెప్పాలి. అన్నం మూటతో బయల్దేరిన తల్లి పొలానికని చెప్పాలి. బొడ్డపాడు కుర్రాళ్లను దాచిన అసలు కప్పు ఇదే. అది ఉన్నంతకాలం వాళ్లు ఉన్నారు.

అవతలి పక్షం బలం వేరే రకం. వైర్‌లెస్ ఉంది, వ్యాన్లున్నాయి, ట్రంకు రోడ్డు ఉంది. టెక్కలి నుంచి సోంపేట దాకా ఎక్కడ ఏం జరిగినా పోలీసులు గంటల్లో చేరగలరు. ఒడిశా సరిహద్దు దాటినా అక్కడా పోలీసులే. దళాల దగ్గర నాటు తుపాకులు, బాంబులు, బల్లేలు, కొండల్లో విల్లంబులు. ఈ తూకంలో ఆయుధంతో గెలవడం అసాధ్యమని ఎవరికైనా తెలుస్తుంది. జనం అండ ఒక్కటే వాళ్ల పక్కన మిగిలిన బరువు.

ఆ బరువునే వాళ్లు చేజేతులా తగ్గించుకున్నారు. 1969 ఏప్రిల్ 22న సీపీఐ (ఎంఎల్) ఏర్పడింది. ఆ పార్టీ నాయకుడు చారు మజుందార్ చెప్పిన వర్గశత్రు నిర్మూలన మార్గం అప్పటికే శ్రీకాకుళానికి చేరింది. బహిరంగ సంఘాలు అక్కర్లేదు, రహస్య దళం చాలు, శత్రువును చంపితే జనం కదులుతారు అన్నారు. జనాన్ని సిద్ధం చెయ్యకుండా తొందరపడవద్దన్న తరిమెల నాగిరెడ్డి బృందంతో అంతకు ముందే తెగతెంపులయ్యాయి. భూస్వాములు, వడ్డీ వ్యాపారులు, ఇన్‌ఫార్మర్లని అనుమానించినవాళ్లు హతమయ్యారు. వాళ్ల ఇళ్లలోనూ ఏడుపులు లేచాయి. వాటిని మరిచిపోయి ఈ కథ చెప్పడం తప్పు. పగలు సభలో చెయ్యెత్తిన రైతుకు ఇప్పుడు చెయ్యడానికి పని లేదు. రాత్రి జరిగినదానికి మర్నాడు పోలీసు దెబ్బలు తినడం మాత్రం అతని వంతు. భయపడ్డవాడిని తప్పు పట్టలేం. ఆ భయం పెరిగిన కొద్దీ తోటలు పల్చబడ్డాయి, ఒక్క చెట్టు కూలకుండానే.

1969 మే 27. పంచాది కృష్ణమూర్తి, మరో ఆరుగురు యువకులు చనిపోయిన రోజు. జలంత్రకోట దగ్గర ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు ప్రకటించారు. కంచిలిలో ఉన్న సోంపేట రైల్వేస్టేషన్ దగ్గర పట్టుకుని, తీసుకెళ్లి కాల్చేశారని ఉద్యమం అప్పటినుంచి చెబుతూనే ఉంది. పట్టాల దగ్గరే వాళ్లు చిక్కారన్న మాట ఇక్కడి ఊళ్లకు ఇప్పటికీ గుచ్చుకునే ముల్లు. తోటకూ కొండకూ మధ్య దాపు లేని చోటు అది. ఎన్‌కౌంటర్ అనే మాట తెలుగు పల్లెల్లో స్థిరపడిపోవడం ఈ జిల్లాలో ఆ ఏడాదే మొదలైంది.

ఆ వెంటనే జూన్‌లో ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. సీఆర్పీ బలగాలు దిగాయి, క్యాంపులు వెలిశాయి. ఉద్దానంలో నిలవడం కష్టమై మిగిలినవాళ్లు కొండలవైపు జరిగారు. భర్త పోయిన ఏడు నెలలకు, 1969 డిసెంబరు 22న, మందస వైపు రంగమటియా కొండల్లో నిర్మల, సుబ్బారావు పాణిగ్రాహి మరికొందరు సహచరులతో పాటు పోలీసు కాల్పుల్లో మరణించారు. నిర్మల చేతిలో ఉన్నది ఒక తరం ఆడపిల్లలు కలలో కూడా తాకని ఆయుధం. పాణిగ్రాహి వదిలివెళ్లినది జముకు. ఆ గొంతు ఆగాక ఊళ్లను కదిలించగల మనిషి ఉద్దానంలో మళ్లీ పుట్టలేదు.

1970 జూలై 10న సత్యం మాస్టారు, కైలాసం మాస్టారు కొండల్లో హతమయ్యారు. వాళ్లతో ఉద్యమం వెన్నెముక విరిగింది. విశాఖ జైలు నుంచి తప్పించుకున్న మరో ఉద్యమ నాయకుడు నాగభూషణ్ పట్నాయక్ ఆ నెలలోనే మళ్లీ దొరికాడు. అతనికి పడ్డ ఉరిశిక్ష తర్వాత యావజ్జీవంగా మారింది. పట్టుబడ్డవాళ్లు పార్వతీపురం కుట్రకేసులో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. లేవిడి నుంచి లెక్కేస్తే మూడేళ్లు నిండలేదు, అంతా అయిపోయింది.

పోరాటం చచ్చిపోయినా అది అడిగిన ప్రశ్న చావలేదు. గిరిజన భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేకుండా చట్టాన్ని బిగించిన 1/70 రెగ్యులేషన్ ఆ 1970లోనే వచ్చింది. ఆ జూలై 4న శ్రీశ్రీ అధ్యక్షుడిగా విప్లవ రచయితల సంఘం, విరసం, పుట్టింది. బొడ్డపాడులో అమరుల స్థూపం నిలిచింది. ఏటా మే నెలాఖరున అక్కడ జనం కూడతారు, తల్లులు పోయాక చెల్లెళ్లు, చెల్లెళ్లు పోయాక మనవలు.

ఇదే తీరంలో నలభై ఏళ్ల తర్వాత మరో పోరాటం జరిగింది. 2010లో సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు వేలల్లో బయటికొచ్చారు. ఎవరూ తోటల్లో దాగలేదు. ఊళ్లకు ఊళ్లే ఆడా మగా పట్టపగలు బీల గట్ల మీద నిలబడ్డాయి. జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అయినా ఆ కేంద్రం రాలేదు. మరుసటి ఏడాది టెక్కలి దాపున కాకరాపల్లిలోనూ ఇలాంటి పోరాటం మీదే కాల్పులు జరిగాయి, అక్కడా జనం వెనక్కి తగ్గలేదు.

బొడ్డపాడు కుర్రాళ్ల తెగువ చిన్నదని చెప్పడానికి ఈ పోలిక తేలేదు. వాళ్లు ఇచ్చినంత ఎవరూ ఇవ్వలేదు, ఇరవైల్లో ఉన్న ప్రాణాలు ఇచ్చేశారు. అందుకే వాళ్లు చేసిన పొరపాటును కూడా అంతే ప్రేమతో చెప్పుకోవాలి. సంఘాన్ని వదిలి దళాన్ని పట్టుకున్న రోజునే వాళ్లు ఓడిపోయారు, జలంత్రకోటలో కాదు. పలాస, టెక్కలి, సోంపేట పిల్లలకు ఈ చరిత్ర బడిలో చెప్పాలి. లేవిడిలో పడినవాళ్ల పేర్లతో, నిర్మల పేరుతో, మనుషుల్ని పోగొట్టుకున్న ప్రతి పక్షం దుఃఖంతో కలిపి, దేన్నీ దాచకుండా చెప్పాలి.