మామిడి పిందె ఎందుకు రాలుతుంది? సంకరణ చరిత్రలో ఒక ఘట్టం

ఫాల్గుణం వెళ్ళి చైత్రం వచ్చే రోజులలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మామిడితోటలలో ఏ చెట్టు కిందికి వెళ్ళినా నేల నిండా పిందెలే కనబడతాయి. ఆవగింజంతవి, శనగగింజంతవి, గోళీలంతవి. కాస్త ఎదిగినవాటిని పిల్లలు ఏరుకొని ఉప్పు, కారం అద్దుకొని తింటారు. ఇంకా పెద్దవైతే ఇల్లాండ్రు ఒరుగులకు కోస్తారు. తోటను కౌలుకు పుచ్చుకున్నవాడు మాత్రం ఆ నేలను చూసి నిట్టూరుస్తాడు. “గాలికి రాలినవి” అంటాడు. గాలి లేని ఏడు కూడా రాలుతాయి గదా అని అడిగితే, “చెట్టు మొయ్యలేక వదిలేసింది” అంటాడు. ఈ రెండు సమాధానాలలోను నిజం ఉన్నది. అయితే మూడవ సమాధానం కూడా ఒకటి ఉన్నది. అది మన దేశంలో తేటపడడానికి సుమారు అరవై సంవత్సరాలు పట్టింది.

మామిడి పూగుత్తి ఒక్కదానిలో వెయ్యి మొదలు ఆరువేల వరకు పూలు ఉండవచ్చు. వాటిలో చాలా భాగం మగపూలే. కేసరము, అండాశయము రెండూ ఉన్న పూలను పూర్ణపుష్పాలు అంటారు. కాయ కాగలిగినవి ఇవి మాత్రమే. ఇటువంటివి వెయ్యి ఉంటే, పండు అయ్యే వరకు చెట్టున నిలిచేవి ఒకటో రెండో! ఈ లెక్క రైతుకంటె ముందుగా, రైతుకంటె ఎక్కువగా బాధించినది సంకరణ శాస్త్రజ్ఞులను.

రెండు మంచి రకాలను కలిపి మూడవ మేలురకాన్ని పుట్టించే ప్రయత్నం మన దేశంలో 1911లో పూనాలో బర్న్స్, ప్రయాగ్ అనే శాస్త్రజ్ఞులతో మొదలయినది. పద్ధతి చెప్పడానికి సులభం. పూర్ణపుష్పం విచ్చకముందే పట్టకారుతో దాని కేసరాన్ని తీసివేయాలి. రెండవ రకం పుప్పొడిని కీలాగ్రానికి అద్దాలి. ఇతర పుప్పొడి తగలకుండా సంచి కట్టాలి. మామిడి పూవు ఎంత చిన్నదో ఎరిగినవారికి ఇది ఎంత ఓపిక పనియో వేరే చెప్పనక్కరలేదు. అంత శ్రమపడి వేలాది పూలకు పుప్పొడి అద్దితే, కొద్ది వారాలలో దాదాపు అన్నీ పిందెలుగానే రాలిపోయేవి. మిగిలిన నాలుగు కాయల టెంకలు పాతి, మొక్కలు పెరిగి కాపుకు వచ్చే వరకు మరికొన్ని సంవత్సరాలు ఎదురుచూడాలి.

రాయలసీమలో రైల్వేకోడూరు దగ్గర అనంతరాజుపేటలో 1935లో నెలకొల్పిన ఫల పరిశోధనాలయం ఈ పని చేపట్టినది. ఉత్తరకోస్తావారికి ఎరుకైన పేరు ఒకటి ఆ చరిత్రలో కనబడుతుంది. చిన్న సువర్ణరేఖను, రుచికి పేరుపొందినా కాపు పలుచనైన జహంగీరును కలిపి అక్కడ స్వర్ణజహంగీర్ అనే సంకరరకాన్ని సాధించారు. సువర్ణరేఖ మన తోటలలో ముందుగా పక్వానికి వచ్చే ఎర్రబుగ్గ మామిడి. ఒరిస్సావారు దానినే సుందరి అంటారు. నీలం, హిమాయుద్దీన్ కలయికవలన నీలుద్దీన్, నీలం, బనేషాన్ కలయికవలన నీలేషాన్ కూడ అక్కడివే. రాలిపోయిన వేల పిందెల మధ్య నిలిచిన కొద్దిపాటి కాయలనుండి వచ్చినవి ఈ రకాలు.

1960 ప్రాంతంలో ఎస్.కె. ముఖర్జీ, ఆయన సహచరులు పద్ధతిని కొంత సవరించారు. ఒకే గుత్తిలో వందల పూలకు పుప్పొడి అద్దడం వృథా; గుత్తికి కొద్ది పూలు చొప్పున ఎక్కువ గుత్తులలో అద్దితే నిలిచే కాయలు పెరుగుతాయి అన్నారు. చెట్టు మొయ్యలేక వదిలేస్తుందన్న రైతు మాటకు ఇది శాస్త్రీయమైన ఆమోదమే. కాని అప్పటికీ ఒక చిక్కు మిగిలినది. దశేరి, లంగ్రా, చౌసా వంటి ఉత్తరాది రకాల పూలకు వాటి స్వంత పుప్పొడినే అద్దితే, పిందె కట్టేది. కొద్ది రోజులకు రాలిపోయేది. అదే పూవుకు వేరే రకం పుప్పొడి తగిలితే కొన్ని కాయలయినా నిలిచేవి.

పిందెలను కోసి సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు రహస్యం బయటపడినది. ఫలదీకరణం జరుగుతున్నది. కాని స్వంత పుప్పొడితో ఏర్పడిన పిండానికి ఆహారమిచ్చే అంకురచ్ఛదము సుమారు 15 రోజులలో క్షీణించిపోతున్నది. దానితో పిండమూ నశిస్తున్నది. డి.కె. శర్మ, ఆర్.ఎన్. సింగ్ 1970లో ఈ స్వవిరుద్ధత గురించి విపులంగా ప్రకటించారు. గాలి లేకపోయినా, నీరు, ఎరువు సమృద్ధిగా ఉన్నా, ఆ పిందె రాలడం పుప్పొడి తగిలిన నాడే నిర్ణయమైపోయినదన్నమాట.

ఇక్కడ ఆపిలుతో పోల్చి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఆపిలులోను స్వవిరుద్ధత ఉన్నది. కాని అక్కడ స్వంత పుప్పొడి నాళము కీలంలోనే ఆగిపోతుంది. అందుచేత కాయ కట్టనే కట్టదు. మామిడిలో ఆ తిరస్కారం గర్భం నిలిచిన తరువాత వస్తుంది. మరొక భేదం కూడ చెప్పవలె. ఆపిలు కాయలో సాధారణంగా అయిదు గదులు, పది విత్తనాల వరకు ఉంటాయి. కొన్ని విత్తనాలు చెడినా మిగిలినవాటి బలంతో కాయ నిలవవచ్చు. విత్తనాలు తక్కువైనవి ముందుగా రాలుతాయి. మామిడికి ఉన్నది ఒక్కటే టెంక. ఎదుగుతున్న విత్తనం ఆక్సిన్ అనే వృద్ధికారకాన్ని కాడకు పంపుతూ ఉంటుంది. అది ఆగిపోతే కాడలో ఒక పలుచని పొర విడిపోతుంది, పిందె రాలుతుంది. నాఫ్తలీన్ అసిటిక్ ఆమ్లం చల్లితే రాలడం తగ్గుతుందని 1939లో అమెరికాలో గార్డ్‌నర్, మార్త్, బాట్జర్ ఆపిలుపై నిరూపించారు. నేడు మామిడి రైతులూ అది చల్లుతున్నారు. ఆ మందు కాడను కొన్నాళ్ళు పట్టి ఉంచగలదే గాని, లోపల చచ్చిన పిండానికి ప్రాణం పొయ్యలేదు.

కోతకు ముందు పండిన ఆపిళ్ళు రాలడం వేరొక జన్యువు పని. పండులో ఇథిలీన్ వాయువు తయారీకి తోడ్పడే ఆ జన్యువుకు రెండు రూపాలున్నవి. ఇథిలీన్ తక్కువగా వెలువరించే రూపం రెండు ప్రతులుగా ఉన్న రకాలు చెట్టును గట్టిగా పట్టుకొని ఉంటాయి. జపానులో పుట్టి 1962లో పేరు పొందిన ఫుజి అటువంటిది. ఇప్పుడు విజయనగరం బజారులోను దొరుకుతుంది.

మామిడికి తిరిగి వస్తాను. శర్మ, సింగ్ స్వవిరుద్ధతనే పనిముట్టుగా మార్చిన తీరు నాకు ఈ కథలో అన్నిటికంటె ముచ్చటైన భాగం. స్వవిరుద్ధమైన తల్లి అంటును, తండ్రి అంటును పక్కపక్కన నాటి, రెండిటినీ కలిపి ఒక వలపంజరంలో ఉంచి, అందులోకి ఈగలను వదిలారు. పట్టకారు లేదు, సంచులు లేవు. తల్లి చెట్టు మీద స్వంత పుప్పొడితో కట్టిన పిందెలు వాటంతట అవే రాలిపోతాయి. నిలిచినవి సంకర కాయలే. శాస్త్రజ్ఞులను అంతకాలం ఏడిపించిన పిందె రాలడమే వారికి కూలి లేని పనివాడయినది. వారు పనిచేసిన ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థనుండి నీలం, దశేరి సంతానమైన మల్లిక 1971లోను, అదే జంటను తారుమారు చేయగా వచ్చిన ఆమ్రపాలి ఆ దశకం చివరను వెలువడినవి.

ఇందులో మన తోటలవారు గమనించవలసినది ఉన్నది. అంటు మొక్కలన్నీ ఒకే చెట్టు కొమ్మలు. ఒకే రకం అంట్లు వంద నాటితే, జన్యువుల దృష్టిలో అది వంద చోట్ల నిలిచిన ఒకే చెట్టు. పక్కచెట్టు పుప్పొడి కూడ స్వంత పుప్పొడే. టెంకనుండి మొలిచిన నాటుచెట్లు అలాకాదు; ఏ చెట్టుకు ఆ చెట్టే వేరు. అన్ని రకాలూ దశేరివలె పట్టుదల గలవి కావు గాని, గట్టుమీది నాటుమామిడిని వంటచెరకు కింద జమకట్టి కొట్టివేసే ముందు ఒక పూతకాలం దానిమీద ఈగలు ఎలా ముసురుతున్నవో చూడడం మంచిది.

ఉపాధ్యాయులు ఈ పరీక్ష తరగతిలో చేయించవచ్చు. చెట్టు కింద ఆనాడే రాలిన బఠాణీగింజంత పిందెలు పది, కొమ్మనుండి కోసినవి పది తెచ్చి, బ్లేడుతో నిలువునా చీల్చి భూతద్దంతో చూడాలి. బ్రతికిన పిందెలో విత్తనం తెల్లగా, నిండుగా ఉంటుంది. రాలినవాటిలో కొన్నిటి విత్తనం గోధుమరంగుకు తిరిగి, ముడుచుకొని ఉంటుంది. కొన్నిటిలో విత్తనం చక్కగానే ఉంటుంది. అవి గాలికో, ఎద్దడికో, పురుగుకో రాలినవి. రెండు కుప్పలు వేరుచేసి, ఏ చెట్టువి ఎన్నో పుస్తకంలో వ్రాసి ఉంచుకోవలె. మరుసటి చైత్రంలో అవే చెట్ల కింద మళ్ళీ లెక్కించవలె.