వికేంద్రీకృత సామాజిక జాలాలు – ఆరోగ్యకర సమూహ నిర్వహణ

ఒకే సంస్థ యాజమాన్యంలో గాక, అనేక స్వతంత్ర సర్వర్ల పరస్పర సంబంధంతో నడిచే సామాజిక మాధ్యమాన్ని వికేంద్రీకృత సామాజిక జాలమంటారు. చెరువు నీటిపై బ్రతికిన ఊళ్ళకు దీని స్వరూపం సులభంగా బోధపడుతుంది. గొలుసుకట్టు చెరువుల్లో ప్రతి ఊరికీ తన చెరువు ఉంటుంది. పై చెరువు అలుగు పారితే నీరు కింది చెరువుకు చేరుతుంది. అయినా తన ఊరి తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు మూయాలో నిర్ణయించేది ఆ ఊరి కట్టుబాటు, అమలుపరచేది నీరుగంటి. ఈ జాలాల్లో సర్వరు చెరువు వంటిది, నిర్వాహకుడు నీరుగంటి వంటివాడు.

పూర్వరంగం

ఈ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. 1980లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆరంభమైన యూజ్‌నెట్‌కు కేంద్రం లేదు. ప్రతి విశ్వవిద్యాలయపు కంప్యూటరూ సందేశాలను తనవద్ద భద్రపరచి పొరుగు కంప్యూటరుకు అందించేది. 1990ల తొలినాళ్ళలో అందులో ఏర్పడిన సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే చర్చావేదికలో ప్రవాసాంధ్రులు సాహిత్యం మొదలు వంటల వరకు ముచ్చటించుకొన్నారు. అప్పటికి కంప్యూటరుపై తెలుగు లిపి సౌకర్యం అందుబాటులో లేనందున, రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు వ్రాసుకొన్నారు.

అయితే 1994 ఏప్రిల్‌లో అమెరికాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు గ్రీన్‌కార్డు ప్రకటనను యూజ్‌నెట్‌లోని వేలాది వేదికల్లో గుప్పించారు. అటుపిమ్మట అనవసర ప్రకటనల తాకిడి పెరిగింది. కావలిలేని చాలా వేదికలకు దానిని నిలువరించే మార్గం లేకపోయింది. యజమాని లేకపోవడం స్వేచ్ఛే గాని, కావలి లేకపోవడం స్వేచ్ఛ కాదని ఆ అనుభవం నేర్పింది.

ఒకే యజమాని ఉన్న వేదికలకు వేరొక ప్రమాదముంది. 2000ల దశకంలో మన యువత విరివిగా వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. తెలుగులో కూడా వ్రాసుకొనే సదుపాయం కల్పించిన భారతీయ వేదిక కూ 2024 జులైలో ఆగిపోయింది. యజమాని తలుపు వేయగానే లోపలి సమూహాలన్నీ చెదిరిపోయాయి.

నిర్మాణం

నేటి వికేంద్రీకృత జాలాల్లో మాస్టొడాన్ ప్రసిద్ధమైనది. యూజెన్ రోచ్కో 2016లో దీనిని ఆరంభించారు. సర్వర్లు తమలో తాము సంభాషించుకొనే యాక్టివిటీపబ్ అనే ప్రమాణాన్ని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2018 జనవరిలో ఆమోదించింది. 2019 నవంబరులో భారతదేశం నుండి పెద్దసంఖ్యలో వాడుకరులు ట్విట్టరును వీడి మాస్టొడాన్‌లో చేరారు. ఇందులో ఒక సర్వరు నచ్చకుంటే మరొకదానికి తరలవచ్చు. అనుచరులు వెంట వస్తారు. పాత టపాలు మాత్రం రావు.

ప్రతి సర్వరుకూ తన నియమావళి ఉంటుంది. దుష్ప్రచారం సాగించే వేరొక సర్వరుతో సంబంధం తెంచుకొనే అధికారం నిర్వాహకులది. 2019 జులైలో, ద్వేషప్రసంగాలకు పేరుపడిన గ్యాబ్ అనే వేదిక మాస్టొడాన్ సాఫ్ట్‌వేరును స్వీకరించగా, అనేక సర్వర్లు తమ తూములు మూసివేశాయి. ఏ కేంద్ర కార్యాలయమూ ఆదేశించకుండానే గ్యాబ్ జాలంలో అధికభాగానికి దూరమైంది.

వదంతి – ప్రాణహాని

సమూహ నిర్వహణ వినోదానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతి తమిళనాడు ఉత్తర జిల్లాల్లో వ్యాపించింది. ధర్మపురికి పొరుగునున్న తిరువణ్ణామలై జిల్లాలో, కులదైవం గుడికి బయలుదేరిన ఒక కుటుంబంపై జనం దాడిచేయగా వృద్ధురాలు మరణించింది. అదే సంవత్సరం జులైలో వాట్సాప్ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి విధించింది.

ఆ రోజుల్లోనే తెలంగాణ సరిహద్దు జిల్లా జోగులాంబ గద్వాలలో నాటి ఎస్పీ రెమా రాజేశ్వరి మరొక మార్గం త్రొక్కారు. గ్రామాలను కానిస్టేబుళ్ళకు అప్పగించి, ఇంటింటికీ పరిచయం పెంచి, డప్పు పాటలతో వదంతులను ఖండింపజేశారు. పోలీసులు గ్రామాల వాట్సాప్ సమూహాల్లో కూడా చేరారు. సాంకేతిక పరిమితి వదంతి వేగాన్ని తగ్గించగలదు. దానిని నమ్మకుండా ఆపేది తెలిసిన మనిషి మాటే.

నిర్వహణ సూత్రాలు

ఈ అనుభవాలనుండి ఏ సమూహానికైనా వర్తించే కొన్ని సూత్రాలు ఏర్పడుతున్నాయి.

1. నియమాలు ముందుగా వ్రాసిపెట్టాలి. కుల, మత, లింగ దూషణ నిషిద్ధమని స్పష్టంగా ఉండాలి.

2. నిర్వాహకులు కనీసం ఇద్దరుండాలి. మాస్టొడాన్ సంస్థ 2019లో ప్రకటించిన సర్వరు ఒడంబడికలో ఈ షరతుతోపాటు, ప్రతిదినం సమాచార నకలు భద్రపరచాలని, సర్వరు మూసే ముందు మూడు నెలల గడువివ్వాలని ఉన్నది.

3. మొదట హెచ్చరిక, పిదప తాత్కాలిక నిషేధం, చివరకు బహిష్కారం అన్న క్రమం పాటించాలి. కారణం తెలిపి, మొర వినాలి. ప్రాణాపాయం కలిగించే సందేశం విషయంలో మాత్రం తక్షణ తొలగింపే ఉచితం.

4. ఖర్చు అందరూ పంచుకోవాలి. ఒక్కరి జేబుపై నడిచే సర్వరు ఆ ఒక్కరి కష్టంతోనే ఆగుతుంది.

5. రహస్యాలు వ్రాయరాదు. మాస్టొడాన్‌లో వ్యక్తిగత సందేశాలను సైతం సర్వరు నిర్వాహకుడు చూడగల అవకాశముంది.

6. పిల్లల విషయంలో జాగ్రత్త అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్ళ లోపువారి సమాచారం వాడేందుకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది.

సరిహద్దు గ్రామాలకు ఉపయోగం

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల తెలుగు కుటుంబాలకు భాషే ప్రధాన సమస్య. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో పాఠశాలల్లో తమిళం నిర్బంధమైంది. ఇంట తెలుగు మాట్లాడుతూ, తెలుగు అక్షరం చదవలేని తరం ఎదుగుతున్నది. మహేంద్రమంగళం పరిసరాల కుటుంబాలు ఒక సమూహం నెలకొల్పదలిస్తే, తెలుగును తమిళ లిపిలో వ్రాసినా, గొంతుతో పలికి పంపినా ఆదరించడం మొదటి నియమం కావాలి. అక్షరదోషాలను ఎగతాళి చేసే చోట పిల్లలు నిలువరు. అవ్వల సామెతలు, పెళ్ళిపాటలు, టమాటా ధరలు, వాన కబుర్లు తెలుగులో రావడం మొదలైతే లిపి నేర్వాలన్న కోరిక దానంతట అదే పుడుతుంది. కొత్తగా సర్వరు స్థాపించే శక్తి లేనివారు ఇప్పటికే నడుస్తున్న సర్వరులో చేరి, అక్కడి నియమాలు చదివి ఆరంభించవచ్చు. వాట్సాప్ సమూహానికి సైతం పై సూత్రాల్లో అధికభాగం వర్తిస్తాయి.

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయినవారు ఆలస్యం చేయక 1930 నంబరుకు తెలుపవలెను.

చెరువు ఊరందరిదైనప్పుడు పూడిక తీయడమూ ఊరందరి పనే. సమూహం విషయంలోనూ ఇదే ధర్మం.