మంచము పట్టినవారి చెంత కొత్త నర్సు

నర్సు విద్య ముగించుకొని పట్టము చేతబట్టుకొన్న యువతి పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగమునకు చేరినచో ఆమెకు మార్గము చాలవరకు తెలిసినదే. తాను చదువుకొన్ననాటి వార్డుల వంటి వార్డులే అక్కడను ఉండును. రోగి వచ్చును, మందో శస్త్రచికిత్సయో జరుగును, కొన్ని దినములకు ఇంటికి పోవును. కాని వృద్ధులు, పక్షవాతము వచ్చినవారు, మతి తప్పినవారు ఏండ్ల తరబడి మంచము పట్టియుండు చోటికి ఆమెను పంపినచో కథ వేరు. అక్కడ రోగి లేచి ఇంటికి పోవుట అరుదు. వైద్యుడు నిత్యము కనబడడు. రాత్రివేళ పదుల కొలది పడకలకు తానొక్కతెయే బాధ్యురాలు కావచ్చును. ఇట్టి చోట కొత్త నర్సు నిలదొక్కుకొనుట ఎట్లు? ఈ ప్రశ్న ఈనాడు పుట్టినది కాదు. దీనికి 150 ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. అందులో మొదటి పెద్ద అధ్యాయము ఇంగ్లండులోని లివర్‌పూలు నగరమున జరిగినది.

ఆ కాలమున అక్కడ దిక్కులేని బీదల కొరకు వర్కుహౌసులు, అనగా పనిశాలలు, ఉండెడివి. 1834 నాటి బీదల చట్టము వచ్చిన పిదప వానిలోని బ్రతుకును బుద్ధిపూర్వకముగనే కఠినము చేసిరి. పనిచేయగలవాడు ఊరక కూర్చుండి తినుటకు అందులో చేరకుండవలెనని వారి ఉద్దేశము. జరిగినది మరియొకటి. ఒంట్లో సత్తువ గలవారు దూరముగా తొలగిరి. ముసలివారు, క్షయరోగులు, కాళ్లుచేతులు పడిపోయినవారు మిగిలిరి. పనిశాల యని కట్టినది నానాటికి ఆస్పత్రిగా మారినది గాని, ఆస్పత్రికి కావలసిన మనుష్యులు మాత్రము రాలేదు. రోగులకు పరిచర్య చేసెడివారు తోటి బీదలే. కొంచెము మెరుగైన తిండి, కొంత బీరు వారికి ప్రతిఫలము. మందుసీసా మీది చీటీని చదువలేనివారు వారిలో అనేకులు. ఇంటిలో మంచము పట్టిన తాతకు కోడలో కూతురో సేవ చేయుట చూచిన మనకు ఆ దృశ్యమును ఊహించుట కష్టము.

1860లో ఫ్లోరెన్సు నైటింగేలు పేర లండనులోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల పాఠశాల వెలసినది. శిక్షణ ఒక ఏడాది. లివర్‌పూలు వర్తకుడు విలియం రాత్‌బోను 1864లో నైటింగేలుకు లేఖ వ్రాసి, ఆ పాఠశాలలో తయారైన నర్సులను తమ నగరములోని బ్రౌన్లో హిల్ వర్కుహౌసు ఆస్పత్రికి పంపవలసినదని కోరెను. మూడేండ్ల వ్యయము తానే భరింతుననెను. అక్కడి రోగులు సుమారు 1,200 మంది. ఈ పనికి అధినేత్రిగా ఎన్నుకొనబడినది ఆగ్నిస్ జోన్సు. 1832లో జన్మించిన ఈమె ఐర్లండు కుటుంబమునకు చెందినది. జర్మనీలోని కైజర్‌స్వెర్తులోను, పిదప సెయింట్ థామస్‌లోను పరిచర్యావిద్య నేర్చినది.

1865లో ఆమె వెంట 12 మంది శిక్షితులైన నర్సులు ఆ ఆస్పత్రిలో ప్రవేశించిరి. మొదట పురుషుల వార్డులు మాత్రమే వారి అధీనమయ్యెను. ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. ఆ నర్సులు తాము నేర్చినదంతయు లండనులోని గొప్ప ఆస్పత్రిలో నేర్చిరి. అక్కడ శస్త్రవైద్యులు కలరు, విద్యార్థులు కలరు, శుభ్రమైన దుప్పట్లు కలవు. ఇక్కడ ఒకరి కొకరు తగులునట్లు పడకలు, చాలని బట్టలు, త్రాగి తగవులాడు రోగులు. ఒకనాటి జ్వరమును కనిపెట్టుటకు అలవడిన కన్నులు ఏండ్ల నాటి దైన్యమును చూడవలసివచ్చినది. ఆ పన్నెండుగురిని పన్నెండు ఊళ్లకు ఒక్కొక్కరిగా పంపియున్నచో ఎందరు నిలిచియుందురో చెప్పలేము. కాని వారు గుంపుగా వచ్చిరి. తమ వంటి విద్యయే చదివిన స్త్రీ వారికి పెద్దగా ఉండెను. ఆమె వార్డు వార్డుకు తిరిగి, రాత్రులు సైతము చూచి, కొత్తవారు తడబడిన చోట తానే చేసి చూపెడిది. అంతేగాక, శిక్షణకు వచ్చిన కొత్త స్త్రీలను కూడ అదే వార్డులలో పెట్టి నేర్పిరి. దీర్ఘరోగుల పరిచర్యను దీర్ఘరోగుల నడుమనే నేర్పుట యను ఆలోచన అక్కడ మొలకెత్తినది.

వర్కుహౌసులోని బీద స్త్రీలకే కొద్ది జీతమిచ్చి నర్సులుగా తీర్చవలెనను ప్రయత్నము మాత్రము ఫలింపలేదు. త్రాగుడు వలన వారిలో చాలమందిని తొలగింపవలసి వచ్చినది. వర్కుహౌసు పాలనాధికారితో ఆగ్నిస్‌కు పొరపొచ్చములు వచ్చినపుడెల్ల నైటింగేలు లేఖల ద్వారా సర్దిచెప్పుచుండెను. మూడేండ్లు నిండకముందే స్థానిక పాలకమండలి ఈ పద్ధతి మంచిదని ఒప్పుకొనెను. కాని 1868 ఫిబ్రవరి 19న, 35 ఏండ్ల ప్రాయమున, ఆగ్నిస్ జోన్సు టైఫస్ జ్వరముతో మరణించెను. ఆమె త్యాగమును గూర్చి పలువురు వ్రాసిరి. నైటింగేలు స్వయముగా వ్రాసెను. త్యాగము నిజమే. అయినను నా దృష్టిలో ఆమె చేసిన ఏర్పాటు అంతకంటె గొప్పది. దాని లోపము కూడ ఆ మరణముతోనే బయటపడినది: అదంతయు ఒక్క మనిషి మీద ఆధారపడియుండెను. ఆమెకు సాటివచ్చు మరియొకరిని తెచ్చుట కష్టమైనది.

ఆ తరువాతి తరము ఈ అనుభవములో సగమునే గ్రహించినది. 1879లో లూయిసా ట్వైనింగు మొదలైనవారు వర్కుహౌసు ఆస్పత్రులకు శిక్షితులైన నర్సులను సమకూర్చుటకై ఒక సంఘము స్థాపించిరి. నర్సులు పోయిరి, కాని పల్లెటూళ్ల వర్కుహౌసులకు చాలచోట్ల ఒంటరిగా పోయిరి. అక్కడ పెద్దదిక్కు మేట్రను. ఆమె తరచుగా వర్కుహౌసు అధికారి భార్య, పరిచర్య నేర్చినది కాదు. పుండు కట్టుటకు గుడ్డ కావలెనన్నను కొత్త నర్సు ఆమెనే అడుగవలెను. 1897లో ప్రభుత్వము బీదలచేత నర్సు పని చేయింపరాదని ఉత్తరువు చేసి, ముగ్గురు నర్సులున్న చోట శిక్షితురాలైన పర్యవేక్షకురాలు ఉండవలెననెను. ఒకరో ఇద్దరో ఉన్న చోట్ల సంగతి మాత్రము మునుపటి వలెనే ఉండెను.

1935లో లండను సమీపమున వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రికి ప్రక్కనున్న పాత వర్కుహౌసు ఆస్పత్రి వచ్చి చేరినది. వైద్యురాలు మార్జొరీ వారెన్ అక్కడ మంచము పట్టియున్న 714 మందిని ఒక్కొక్కరిగా పరీక్షించెను. ఎందరో రోగము వలన గాక, లేపి నడిపించువారు లేకపోవుట వలననే పడియుండిరని ఆమె కనుగొనెను. కొంతకాలమునకు పడకలు దాదాపు 240కి తగ్గినవి. దీర్ఘరోగుల వార్డులను సామాన్య ఆస్పత్రి ఆవరణలోనే ఉంచవలెననియు, విద్యార్థులును నర్సులును అక్కడ శిక్షణ పొందవలెననియు ఆమె 1943లో వాదించెను. ఫలితము కంటికి కనబడని చోట యువతుల మనస్సు నిలువదు. వారెన్ ఆ ఫలితమును కంటికి చూపెను.

డోరీన్ నార్టన్ అను నర్సు మరియొక విధముగా తోడ్పడెను. 1962లో ఆమె ఇద్దరు సహచరులతో కలిసి వృద్ధుల పరిచర్యను గూర్చి ఒక పరిశోధన ప్రకటించెను. పడకపుండ్లు ఎవరికి రానున్నవో ముందే తెలిసికొనుటకు అందొక కొలత కలదు: దేహస్థితి, మనఃస్థితి, నడక, ఒడలు కదల్చు శక్తి, మలమూత్రముల పట్టు. ఒక్కొక్కదానికి ఒకటి మొదలు నాలుగు మార్కులు. మొత్తము 20లో 14గాని అంతకు తక్కువగాని వచ్చినచో అపాయము. ఏండ్ల అనుభవము గల నర్సు చూపుతోనే పసిగట్టునట్టి విషయమును, నిన్న చేరిన పిల్ల కూడ కాగితము మీద లెక్కవేసి చూచుటకు వీలు కలిగినది.

అమెరికాలో 1965 తరువాత ప్రభుత్వ వైద్యసహాయ పథకములు వచ్చి వృద్ధుల నర్సింగు హోములు విరివిగా పెరిగినవి. 1974లో మార్లీన్ క్రేమర్ కొత్త నర్సులు ఉద్యోగము వదలిపోవుటకు కారణము వెదకి, పాఠశాల నేర్పిన ఆదర్శమునకును వార్డులోని వాస్తవమునకును నడుమ తగులు దెబ్బయే అది యని వ్రాసెను. 1984లో పాట్రీషియా బెన్నర్, ఒక వార్డులో ఆరితేరిన నర్సు సైతము ఎరుగని రోగుల నడుమ మరల కొత్తదియే యగునని చెప్పెను. ఈలోపుగనే, 1982లో, రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషను 11 నర్సింగు విద్యాలయములను 12 నర్సింగు హోములతో ముడిపెట్టి అయిదేండ్లు ధనసహాయము చేసెను. అధ్యాపకురాండ్రు ఆ హోములలో స్వయముగా పనిచేసిరి, విద్యార్థినులు వారి వెంట నేర్చిరి. అచ్చటి వృద్ధులను ఆస్పత్రులకు తరలించుట తగ్గినది. ధనసహాయము ఆగిన పిదప ఆ సంబంధములు చాలచోట్ల సడలినవి.

1987లో అమెరికా ప్రభుత్వము నర్సింగు హోములకు కొత్త చట్టము చేసెను. రిజిస్టర్డు నర్సు దినమునకు ఎనిమిది గంటలైనను ఉండవలెనని అందు కలదు. సహాయకులకు కనీసము 75 గంటల శిక్షణ ఉండవలెననియు కలదు. పట్టము పుచ్చుకొని తొలిసారి ఆ వాకిలి దాటు నర్సు ప్రక్కన ఎవరు, ఎన్నాళ్లు నిలువవలెనో మాత్రము ఆ చట్టము చెప్పలేదు. అది ఏ హోమునకు ఆ హోము తీర్మానించుకొను విషయముగనే మిగిలినది.