మా బడికి పంతులు ఎవరు?

ఆదివాసీ పిల్లలకు ఆదివాసీలే చదువు చెప్పాలన్న ఆలోచన జీవో నంబర్ 3తో పుట్టింది కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం అమరుడయ్యాకే నిజాం ప్రభుత్వం మా గూడేల వైపు చూసింది. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలిసింది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. అక్కడ చేరిన గోండులకు పెద్ద చదువుల్లేవు. బడే లేనిచోట సర్టిఫికెట్ అడిగితే ఎవరు దొరుకుతారు? ముందు మనిషిని ఎంచుకున్నారు, తర్వాత పని నేర్పారు. నియామకాల చరిత్రలో మాకు ఇది చిన్న సంగతి కాదు.

తర్వాత కాలంలో ఆ వరుస తిరగబడింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు మైదానం నుంచి వచ్చారు. మా భాష నేర్చుకుని, మాతోపాటే ఉండి చెప్పిన పంతుళ్లు వాళ్లలోనూ ఉన్నారు, వాళ్లను మరువలేం. కానీ చేరిన రోజు నుంచే బదిలీ కోసం చూసినవాళ్లూ ఉన్నారు. దారి లేదని, మలేరియా అని బడికి తాళం పడేది.

1986లో జీవో 275 వచ్చింది. ఏజెన్సీ టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అంది. 1989లో ట్రిబ్యునల్ కొట్టేసింది. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది: నూరు శాతం స్థానిక గిరిజనులకే, అందులో మూడో వంతు మహిళలకు. టీచర్ ట్రైనింగ్ చేస్తే ఊళ్లోనే ఉద్యోగమన్న నమ్మకంతో ఆడపిల్లలను చదివించిన ఇళ్లు మాకు తెలుసు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోను రద్దు చేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు షరతులతో నిలిచాయి. నూరు శాతం అంటే మిగతా అందరికీ తలుపు మూసినట్టేనని కోర్టు అంది. 1950 జనవరి 26 నుంచి అక్కడే నివాసముండాలన్న నిబంధన వల్ల వేరేచోటి గిరిజనులకూ అన్యాయమేనంది. ఈ రెండో మాట మేమూ ఒప్పుకుంటాం. పొట్టకూటికి అడవి దాటి వచ్చినవాడు ఆదివాసీ కాకుండా పోతాడా?

అయితే ఆ తీర్పు నాటికి రెండు రాష్ట్రాల్లోనూ గిరిజన కోటా 6 శాతమే. మామూలు రోస్టరే ఏజెన్సీకీ వర్తిస్తే వంద పోస్టుల్లో మా పేరున ఉండేవి ఆరు. ఊరంతా గిరిజనులే ఉన్నా అంతే. తెలంగాణలో 2022లో అది 10 శాతమైంది. సమానత్వం పేరుతో వేసిన ఈ లెక్క మాకు మింగుడుపడలేదు.

ప్రత్యేక డీఎస్సీ కావాలని, జీవో 3కు బదులు చట్టం కావాలని మా సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. దానితోపాటు మేము ఇంకొకటి అడుగుతాం. ఏజెన్సీ పోస్టుకు భాషా పరీక్ష పెట్టండి. గోండు గూడేనికి గోండీ, కోయ గూడేనికి కోయ. ఆ పరీక్ష ఏ కులంవాళ్లైనా రాయొచ్చు. ఒకటో తరగతి పిల్లవాడు కడుపునొప్పి అని తన భాషలో చెప్తే పంతులుకు అర్థమైతే చాలు.