దత్తమండలములలో గ్రంథరక్షణము

గ్రంథములు నశించుటకు మన పెద్దలు చెప్పు కారణములు మూడు: అగ్ని, జలము, చెద. నాలుగవ కారణ మొకటి కలదు. అది భక్తి. మన యిండ్లలో ముత్తాతల నాటి తాళపత్రముల కట్టను ఎఱ్ఱగుడ్డలో మూటగట్టి అటుకపై పెట్టియుందురు. ఏటేట సరస్వతీపూజనాడు దానిని దింపి, పసుపుకుంకుమలు చల్లి, హారతి యిచ్చి, మరల నటుక యెక్కింతురు. మూట విప్పుటకు ఎవరికిని ధైర్యము చాలదు. విప్పినను చదువ నేర్చినవారు లేరు. ఒకనాడు ఏ పిల్లవాడో కుతూహలముతో విప్పి చూచును. గుడ్డలో మన్నును, నాలుగు పుల్లలును మిగిలియుండును. పూజ ఒక్క యేడును తప్పలేదు. గ్రంథము మాత్రము పోయినది.

ఈ దుఃఖము ఏ యొక్క యింటిదియు కాదు. కావున దీని చరిత్రమును కొంత విచారించి, దానినుండి నేడు మనము చేయదగిన పని యేదియో తెలిసికొనుట యీ వ్యాసమున నా యుద్దేశము.

అనంతపురపు మెట్టసీమ వానకఱవునకు పేరుపడిన నేల. ఏడాది పొడుగున ఇచట కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. సముద్రతీరపు మండలములలో పుస్తకమునకు ప్రధానశత్రువు బూజు. ఇచట గాలి పొడిగా నుండుటచే బూజు తక్కువ. ఇది చూచి కొందఱు మనసీమ గ్రంథములకు సురక్షితమని తలంతురు. అది పొరపాటు. తాటియాకులో సహజముగా కొంత మెత్తదన ముండవలెను; వేసవి యెండలకు ఆ మెత్తదనము పోయి, ఆకు పెళుసెక్కి, త్రాడు దూర్చిన రంధ్రము కడనే చీలును. ఎండుటాకును చదువబోయి వంచితిమా, వ్రాత నడుమ విఱుగును. దీనికి తోడు మట్టిమిద్దెలు. చెదపురుగు నేలలోనుండి మట్టిగోడ వెంబడి తన బాట తాను కట్టుకొని, ఎవరికిని కనబడక అటుక చేరును. పుస్తకమును ఈవలినుండి ఆవలికి సూటిగా తొలుచు రామబాణపు పురుగు సంగతి చెప్పనే యక్కఱలేదు.

అయినచో పూర్వులు ఇన్ని వందల యేండ్లు గ్రంథముల నెట్లు నిలిపిరి? దీనికి సమాధానము సులభము: వారు ఆకును నిలుపలేదు, వ్రాతను నిలిపిరి. ఎంత భద్రపఱచినను తాటియాకు ఆయువు సాధారణముగా రెండు మూడు వందల యేండ్లకు మించదు. ప్రతి పాతపడినకొలది క్రొత్త ప్రతి యెత్తుట లేఖకుల వృత్తి. ఆకును ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, గంటముతో చెక్కి, మసియు నూనెయు పూసి అక్షరములు తేల్చుట వారికి చేతనైన విద్య. ప్రతి ముగించిన లేఖకుడు తుదిని పుస్తకమే మొఱపెట్టుకొన్నట్లు ఒక శ్లోకము వ్రాయుట ఆచారముగ నుండెను. నూనెనుండి, నీటినుండి, వదులుకట్టునుండి తన్ను కాపాడుమనియు, మూర్ఖుని చేతికీయవలదనియు దాని తాత్పర్యము. అనగా గ్రంథరక్షణము పండితుల రహస్యముగా గాక, పుస్తకమును చేతబట్టిన ప్రతివానికిని చెప్పవలసిన పాఠముగా వారు తలంచిరన్నమాట.

ఈ గొలుసు తెగుటకు రాజ్యములు మాఱుట యొక కారణము, కఱవులు మఱియొక కారణము. 1800 సంవత్సరమున నైజాము ఈ మండలములను ఆంగ్లేయుల కంపెనీకి దత్తము చేసెను. అనంతపురము అప్పటికి ప్రత్యేక మండలము కాదు. బళ్లారి నుండి విడదీసి 1882లో దానిని వేఱు మండలముగ నేర్పఱచిరి. అంతకు కొలదిగ ముందు, 1876 మొదలు 1878 వఱకు, దక్షిణదేశమును పీడించిన మహాక్షామమున బళ్లారి మండలము మిక్కిలి దెబ్బతినెను. ధాన్యము లేని యింట లేఖకునికి కూలి యెవ డిచ్చును? ఊరు విడిచిపోవు కుటుంబము నెత్తిపై గింజల మూట పెట్టుకొనునుగాని తాళపత్రముల మూట పెట్టుకొనునా? ఒక్క తరము ప్రతి యెత్తుట మానిన చాలును. తరువాతి తరమునకు మిగులునది పుల్లలకట్ట.

గ్రంథములు పోవుచున్నవని గుర్తించి వానిని ప్రోగుచేసినవారిలో మొదట పేర్కొనదగినవాడు కర్నల్ కాలిన్ మెకంజీ. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సాయమున ఈయన గ్రామగ్రామమున కరణముల నడిగి కైఫీయతులు వ్రాయించెను. 1821లో మెకంజీ మరణించిన పిదప కంపెనీవారు ఆ సంచయమును ఒక లక్ష రూపాయలకు కొనిరి. అయితే కొన్నంత మాత్రమున గ్రంథము బ్రతుకునా? మదరాసు చేరిన ప్రతులలో కొన్నింటి సిరా వెలసిపోయెను, కొన్నింటిని పురుగు తినెను. 1830ల చివరి భాగమున విలియం టెయిలరు అను పాదరి ఆ ప్రతులను పరీక్షించి, చెడుచున్న వానిని మంచి కాగితముపై మంచి సిరాతో తిరిగి వ్రాయించెను. ప్రోగుచేయుట వేఱు, కాపాడుట వేఱని మన దేశమున స్పష్టముగా తెలిపిన ఘట్టములలో ఇది యొకటి. ఆ సంచయములు పిదప 1869లో మదరాసున నెలకొల్పబడిన ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున చేరి నేటికిని నిలిచియున్నవి.

రెండవవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1826 తరువాత కడపలో నివసించిన దినములలో ఆయన స్వంత ధనము వెచ్చించి పండితులను, లేఖకులను నియమించి, దొరికిన ప్రతులను పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో ఆయన ప్రకటించిన వేమన పద్యముల సంపుట మీ శ్రమకు మొదటి పంట. వేమన సమాధి యున్నదని చెప్పు కటారుపల్లె కదిరి ప్రాంతమున, అనగా మొన్న మొన్నటి వఱకు అనంతపురము జిల్లాలోను, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోను ఉన్నది. తన నేలపై సమాధియున్న కవి పద్యములు అచ్చుగ్రంథమై నిలుచుటకు పొరుగు మండలమున ఒక పరదేశీయుడు లేఖకులకు జీతములీయవలసి వచ్చెను. ఇందు మనము సిగ్గుపడవలసినది కొంత, నేర్చుకొనవలసినది కొంత కలదు. బ్రౌను నివసించిన తావుననే 20వ శతాబ్దపు చివర కడపలో ఆయన పేర గ్రంథాలయము వెలసినది. దానికై పాటుపడిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు అనంతపురము జిల్లా రాయదుర్గమున జన్మించినవారే యగుట మనకు కొంత యూరట.

అనంతపురమున 1916లో దత్తమండల కళాశాల వెలసెను. అచట అధ్యాపకులుగ నుండిన చిలుకూరి నారాయణరావుగారు 1928లో ఈ మండలములకు రాయలసీమ యను పేరు సూచించిరి. వారి ఆంధ్రభాషాచరిత్రము 1937లో ప్రకటితమయ్యెను. 1926లో పప్పూరు రామాచార్యులుగారు ఈ పట్టణముననే శ్రీసాధన పత్రికను స్థాపించిరి. ఈ జిల్లా రాళ్లపల్లి గ్రామమున 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మగారు వేమనపై ఉపన్యసించి, పిదప తిరుపతిలో అన్నమాచార్య సంకీర్తనలను పరిష్కరించుటలో పెద్దపాలు వహించిరి. ఆ సంకీర్తనలు మనకు దక్కుటకు కారణము వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమలలో దాచుట. రాగిని చెద తినలేదు. కాని తక్కిన కవుల కెల్లరకును రాగి యెచటనుండి వచ్చును? వారి బ్రతుకు ఆకుపైనను, కాగితముపైనను ఆధారపడినది.

కాగితమన్నచో దాని కథ వేఱు. తాటియాకుకంటె అచ్చుకాగితము దృఢమని మనము నమ్మితిమి. 19వ శతాబ్దపు నడిమి భాగమునుండి కట్టెగుజ్జుతో చౌకకాగితము తయారగుచున్నది. అందుండు కొన్ని పదార్థములును, సిరా వ్యాపింపకుండుటకై చేర్చెడి పటికయు కాలక్రమమున ఆమ్లమును పుట్టించి, కాగితమును లోపలినుండియే కాల్చును. అందువలన నూఱేండ్ల నాటి వార్తాపత్రికను మడిచినచో అప్పడమువలె విఱుగును. మన జాతీయోద్యమ చరిత్రలో అధికభాగము ఇట్టి కాగితముపై నున్నదని చదువరులు గమనింపవలెను. ఎండయు వేడిమియు ఈ దాహమును త్వరపెట్టును. అవి రెండును మన సీమలో కొదువలేని సంపదలు.

గ్రంథాలయోద్యమము మన దేశమున చేసిన మేలు ఇంతయని చెప్పరాదు. 1914లో బెజవాడ సభతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు గ్రంథాలయ యాత్రలు సాగించి ఊరూర పుస్తకముపై ప్రీతి పుట్టించిరి. 1935లో కృష్ణకాలువపై పడవలో గ్రంథాలయము నడచినది. కర్నూలుసీమకు చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వయోజనవిద్యకును గ్రంథాలయములకును జీవితమును ధారవోసిరి. వీరందఱు కనిపెట్టిన రహస్యమొక్కటే: జనులు గ్రంథాలయమునకు రాకున్న గ్రంథాలయమే జనుల కడకు పోవలెను. చదువు విషయమున జరిగిన యీ పని రక్షణ విషయమున జరుగలేదు. చినిగిన పుస్తకము జిల్దు కట్టువాని పాలు, ముక్కలైనది చిత్తుకాగితముల వర్తకుని పాలు, చదువరాని తాళపత్రము ఏటి పాలు అగుచునే యున్నవి.

సామాన్యుల చేతులు ఈ పనికి పనికిరావను సందేహము కొందఱికి కలదు. 1966 నవంబరు 4వ తేదీన ఇటలీదేశమున ఫ్లారెన్సు నగరమును నదీజలము ముంచెత్తి, అచటి జాతీయగ్రంథాలయమున లక్షలకొలది సంపుటములు బురదలో మునిగెను. పలుదేశముల విద్యార్థులు వరుసగా నిలిచి, చేతినుండి చేతికి ఆ పుస్తకములను వెలికి తెచ్చిరి. నిపుణులు చూపగా వారు చేసిరి. నేటి గ్రంథరక్షణశాస్త్రము విశేషముగా వృద్ధియైనది ఆ బురదలోనుండియే. మన దేశమునను 2003లో జాతీయ పాండులిపి ఉద్యమము ఆరంభమై, వ్రాతప్రతులను లెక్కించుటయే గాక, వానిని కాపాడు పద్ధతులను చేయించి నేర్పు శిక్షణలు జరిపినది.

కావున నా మనవి యిది. ప్రతియేట నవంబరు 14 మొదలు 20 వఱకు గ్రంథాలయ వారోత్సవములు జరుగుచున్నవి. ఉపన్యాసములును పూలదండలును ఎట్లును ఉండును. వానితోపాటు గ్రంథాలయపు వరండాలో మూడు బల్లలు వేయింతురు గాక.

మొదటి బల్లపై దుమ్ము. మెత్తని కుంచెతో, వెన్నునుండి అంచువైపునకు, పుస్తకమును గట్టిగా మూసిపట్టి దుమ్ము దులుపుట చూపవలెను. తడిగుడ్డ పనికిరాదు. అచటనే ఒక వార్తాపత్రికను సగము అట్టతో కప్పి మూడు దినములు ఎండలో నుంచి, తీసి చూపవలెను. కప్పిన సగము తెల్లగను, కప్పని సగము పచ్చగను ఉండును. ఎండ కాగితము నేమి చేయునో చెప్పుటకు ఇంతకంటె గొప్ప యుపన్యాసము లేదు.

రెండవ బల్లపై చినిగిన పుట. గోధుమపిండి కడిగి తీసిన గంజిపొడిని నీటిలో ఉడికించి, వడగట్టి, పలుచగా చేసిన జిగురును, నారగల పలుచని కాగితపు పేలికను ఉపయోగించి అతుకుట నేర్పవలెను. అంతకుముందు ఒక మూల నీటిచుక్కతో సిరా కరగునో లేదో పరీక్షింపవలెను. అతికిన పిదప బరువుక్రింద ఆరబెట్టవలెను. ఈ జిగురు గొప్పదనము గట్టితనమున లేదు. కావలసినపుడు తడిపి విడదీయ వీలగుటలో నున్నది. మనలో పలువురు ప్రేమతో అంటించు మెఱుగుటేపు కొన్నియేండ్లకే పచ్చబడి, జిగురు పుటలోనికి దిగి, అక్షరములతో సహా ఊడివచ్చును. మరల తీయరాని మరమ్మతు మరమ్మతు కాదు, రెండవ గాయము.

మూడవ బల్లపై తాళపత్రము. మెత్తని కుంచెతో మన్ను తుడుచుట, అంటుకొనిన యాకులను బలవంతముగ విడదీయక నిపుణునికై నిలిపియుంచుట, ఆకులకంటె కొంచెము పెద్దవగు రెండు చెక్కల నడుమ మరీ బిగువును మరీ వదులును గాకుండ కట్టుట చూపవలెను. గంటముతో చెక్కిన యాకునకు నిమ్మగడ్డి నూనెయు దీపపుమసియు పూసి తుడిచినచో కనబడని యక్షరములు తేలును. అప్పుడు చూచువారి కన్నులలో కలుగు వెలుగును వర్ణింప నాకు శక్తి లేదు. అయితే సిరాతో వ్రాసిన యాకుపై ఈ పని చేసినచో వ్రాతయే చెఱగిపోవును. ఈ భేదమును మొదటనే చెప్పవలెను. ఇంటిలోని యమూల్యమగు ప్రతిపై గాక, వ్రాతలేని ముక్కలపై చేయి సాధించుట మేలు.

ఈ బల్లలచుట్టు ఎవరు నిలువవలెను? మొదట స్త్రీలు. గంజి కాచుట, పిండి వడగట్టుట, ధాన్యమునకు పురుగు పట్టకుండ చూచుట వారికి పుట్టుకతో వచ్చిన నేర్పు కాకపోవచ్చును గాని, ఇంటింట వారే ఆ పనులు చేసి నేర్చినవారు. అటుకపై మూట యేమూల నున్నదో ఎఱిగినవారును వారే. తరువాత బడిపిల్లలు. ఆ పిమ్మట పుస్తకమును ముట్టు నర్హత మీకు లేదని ఒకప్పుడు మనము దూరముగ నుంచిన కులముల వారందఱు. కొందఱి చేతులలోనే బంధించుటచే గ్రంథములు ఎంత సురక్షితముగ నున్నవో అటుకలపైని మన్నే సాక్ష్యము చెప్పుచున్నది.

లేఖకుడు మాయమైనాడు, అతడు మరల రాడు. అతని పని మాత్రము మిగిలియున్నది. వచ్చు సరస్వతీపూజనాడు చదువరులు మూటకు హారతి యిచ్చినను ఈయకున్నను, ముడి మాత్రము విప్పవలెనని ప్రార్థించుచున్నాను. లోపల ఒక్క యాకు నిలిచియున్నను, దానికి మనము చేయగల పూజ యదియే.