బీబర్‌బాక్ ఊహ, లోవ్నర్ దారి

వ్యాసార్ధం 1 ఉన్న ఒక వృత్తాన్ని రబ్బరు గుడ్డ అనుకోండి. ఎక్కడా చిరగకుండా, మడతపడకుండా, ఏ రెండు చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడకుండా దాన్ని లాగాలి. కేంద్రం దగ్గర మాత్రం కొలత ఉన్నది ఉన్నట్టే ఉండాలి. అన్వేకమైన విశ్లేషక ప్రమేయాలు చేసే పని ఇంచుమించు ఇదే. ఏ చుక్క దగ్గర ఎంత సాగిందో చెప్పేది అవకలజం. మరి అంచు వైపు పోయేకొద్దీ ఎంత సాగవచ్చు?

హద్దు ఉందని ముందు చూపినవాడు పాల్ కోబె. కచ్చితమైన హద్దు 1916లో లుడ్విగ్ బీబర్‌బాక్ నిరూపించిన ఒక చిన్న ఫలితం నుంచి వస్తుంది: ప్రమేయాన్ని ఘాతశ్రేణిగా రాస్తే రెండవ గుణకం పరిమాణం 2కి మించదు. అంతే! దాన్నిబట్టి సగం దూరంలో సాగుదల 12 రెట్లు దాటదు. 0.9 దగ్గర 1,900 రెట్లు, 0.99 దగ్గర 19,90,000 రెట్లు. ఈ హద్దును నిజంగా తాకే ప్రమేయం ఒకటుంది, దాని గుణకాలు వరసగా 1, 2, 3, 4... అది చూసి బీబర్‌బాక్, మూడవది 3కి, పదవది 10కి, అలా ఎంతదాకా పోయినా మించదేమోనని పేజీ అడుగున ఒక గమనిక రాశాడు. ఆ గమనిక 68 ఏళ్ళు గణితజ్ఞులకు నిద్ర లేకుండా చేసింది.

మూడవ గుణకం సంగతి 1923లో తేల్చినవాడు కార్ల్ లోవ్నర్, బొహీమియాలో పుట్టిన యూదుడు. తలంలో ఒక గీత కోసి, ఆ గీతను కొంచెం కొంచెంగా మారుస్తూ, దానితో పాటు ప్రమేయం ఎలా మారుతుందో ఒక అవకలన సమీకరణంలో పట్టుకున్నాడు.

తర్వాత హిట్లర్ వచ్చాడు. గటింగెన్‌లో ఎడ్మండ్ లాండౌ అనే యూదు ఆచార్యుణ్ణి విద్యార్థులు పాఠం చెప్పనివ్వకపోతే, 1934లో బీబర్‌బాక్ వాళ్ళని బహిరంగంగా మెచ్చుకున్నాడు. గణితానికీ జాతి ఉంటుందన్నాడు. అంత సూక్ష్మమైన బుర్ర ఆ మాట ఎలా అనగలిగిందో నాకిప్పటికీ అర్థం కాదు.

1939లో నాజీలు ప్రాగ్‌లోకి వచ్చాక లోవ్నర్‌ని జైల్లో పెట్టారు. బయటపడి అమెరికా చేరి చార్ల్స్ అయ్యాడు. కెంటకీలోని లూయీవిల్‌లో, నలభై అయిదు దాటిన వయసులో, మొదటి మెట్టు పాఠాలు చెప్పాడు. వలస వచ్చి మళ్ళీ ఓనమాలతో మొదలుపెట్టిన మనలో చాలామందికి ఆ రోజులు విప్పి చెప్పనక్కరలేదు. అడిగిన కొద్దిమంది విద్యార్థులకి పైస్థాయి పాఠాలు ఒక సారా బట్టీలో, పనివాళ్ళు రాకముందే పొద్దున్నే చెప్పేవాడని చెప్పుకుంటారు. 1968లో స్టాన్‌ఫర్డ్‌లో పోయాడు. 1945లో ఉద్యోగం ఊడిన బీబర్‌బాక్ 1982 దాకా బతికాడు.

1984లో పర్డ్యూ యూనివర్సిటీలో లూయీ డి బ్రాంజెస్ మొత్తం నిరూపించానన్నాడు. అంతకుముందు ఆయన తప్పు నిరూపణలు ఇచ్చి ఉండడంతో ఇక్కడ చాలామంది పెదవి విరిచారు. ఆఖరి మెట్టుకి కావలసిన అసమానతని ఆస్కీ, గాస్పర్ 1976లోనే వేరే పనిలో నిరూపించి ఉన్నారు. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లోనే లెనిన్‌గ్రాడ్ వెళితే అక్కడి గణితజ్ఞులు వారాలపాటు కూర్చుని వరస వరసా చూసి, ఒప్పన్నారు.

ఆ నిరూపణకి వెన్నెముక లోవ్నర్ 1923 నాటి సమీకరణమే.